పాసివ్ హౌస్: దాచుకోని విద్య

బడిలో ఉష్ణ ప్రసారం పాఠం చెప్పేటప్పుడు మేము బల్ల మీద ఒక ఫ్లాస్కు, ఒక స్టీలు గ్లాసు పెట్టి రెండింటిలోనూ వేడి టీ పోస్తాం. గంట కొట్టేసరికి గ్లాసులోది చల్లారిపోతుంది, ఫ్లాస్కులోది పొగలు కక్కుతూనే ఉంటుంది. గ్లాసులోని టీ వేడిగా ఉండాలంటే పొయ్యి మీది నుంచి దించకూడదు. ఫ్లాస్కుకు పొయ్యితో పని లేదు. చలి దేశాల్లో పాసివ్ హౌస్ అని పిలిచే ఇంటి సంగతి దాదాపు ఇంతే.

స్వీడన్ ఆచార్యుడు బో ఆడమ్సన్, జర్మన్ భౌతిక శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ 1988లో ఈ ఆలోచన మొదలుపెట్టారు. జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరంలో ఒకే వరుసలో నాలుగు ఇళ్లు లేచాయి. 1991లో కుటుంబాలు కాపురానికి వచ్చాయి, వాటిలో ఫైస్ట్ కుటుంబం కూడా ఉంది. (చెప్పినవారే అందులో కాపురం పెట్టడం మాకు నచ్చింది.) చదరపు మీటరు స్థలాన్ని ఏడాదంతా వెచ్చగా ఉంచడానికి, మన కరెంటు బిల్లు లెక్కలో చెప్పాలంటే, 15 యూనిట్ల వేడికి మించి పట్టకూడదన్నది నియమం.

మందమైన ఇన్సులేషన్, మూడు పొరల అద్దాల కిటికీలు, బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికి వచ్చే తాజా గాలికి అందించే యంత్రం: ఇవన్నీ కంటికి కనిపించేవే. ఇల్లు పాడయ్యేది మాత్రం కనిపించని చోట. వంట, స్నానం, మన ఊపిరి వల్ల ఇంటి గాలిలో తేమ చేరుతుంది. సన్నని సందు దొరికితే ఆ గాలి గోడలోకి దూరి, చల్లని భాగం తగలగానే నీరవుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టు. కర్ర గోడైతే లోలోపలే కుళ్లిపోతుంది. ఇన్సులేషన్ పెరిగేకొద్దీ గోడ బయటి భాగం మరింత చల్లబడుతుంది. కనుక సగం తెలిసినవారు కట్టిన పాసివ్ హౌస్ మామూలు ఇంటికన్నా ప్రమాదం.

అందుకే పని ముగియకముందే తలుపు స్థానంలో ఫ్యాను బిగించి, లోపలికీ బయటికీ 50 పాస్కల్‌ల ఒత్తిడి తేడా కల్పిస్తారు. గంటలో చొరబడే గాలి ఇంట్లో పట్టే గాలికి 0.6 రెట్లు దాటకూడదు. పొగ ఊది సందులు వెతుకుతారు. వైరు కోసం ఎలక్ట్రీషియన్ కొట్టిన కన్నమో, కిటికీ ఫ్రేము మూలో దొరుకుతుంది. ఇంజినీరు గీసిన ప్లానులో ఆ కన్నం ఉండదు! దాన్ని ఎలా మూయాలో తెలియాల్సింది పనివాడికే.

ఫైస్ట్ 1996లో నెలకొల్పిన సంస్థ ఈ విద్యకు తాళం వేయలేదు. లెక్కల పద్ధతిని మామూలు కంప్యూటర్ షీటుగా అందించింది. ఆర్కిటెక్టులకే కాదు, పనివారికీ శిక్షణ ఇస్తుంది. సదస్సుల్లో నిపుణులు తమ ఇళ్ల కొలతలు అందరి ముందూ పెడతారు. ఏటా కొన్ని రోజులు యజమానులు సందర్శకులకు తలుపులు తీస్తారు. డార్మ్‌స్టాట్ ఇళ్లను 25 ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించినప్పుడూ గాలి చొరబాటు హద్దులోనే ఉంది.

మన దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది, వేడి లోపలికి రాకూడదు. మూడు అద్దాల కిటికీకన్నా ముందు కిటికీ బయట నీడ కావాలి, స్లాబుపై ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత కావాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే. గది కట్టించే దాతలు చదరపు అడుగుకు ఎంతవుతుందని అడుగుతారు. మధ్యాహ్నం మూడింటికి లోపల ఎన్ని డిగ్రీలుంటుందని అడిగినవారు మాకింకా తారసపడలేదు. ఏప్రిల్ వస్తే మా తరగతిలో పడమటి గోడ పక్క బెంచీ ఖాళీగానే ఉంటుంది.