బండి ఎక్కడ పెట్టాలి?
వీధికి పర్మిట్ పెడితే పల్లెవాసికి చోటేదీ?

(మా విలేఖరి)

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: పనిమీద పట్నానికి వచ్చిన పల్లెవాసికి ముందుగా ఎదురయ్యే చిక్కు బండి ఎక్కడ పెట్టాలన్నదే. ఎరువుల కొట్టు ముందు నిలిపితే కొట్టు యజమాని కసురుకుంటాడు. పక్క సందులో పెడితే ఆ ఇంటివారు "మా గేటుకే అడ్డం పెట్టాలా?" అని నిలదీస్తారు. ఆలోచిస్తే ఎవరి బాధ వారిది.

సూర్యాపేట 2016 అక్టోబరులో జిల్లా కేంద్రమైంది. ఆఫీసు పనులు, ఆసుపత్రులు, మార్కెట్ యార్డు, అన్నింటికీ జనం ఇక్కడికే వస్తున్నారు. కోదాడకు హుజూర్‌నగర్, ఖమ్మం దారుల జనమంతా వస్తారు. పాత వీధులు మాత్రం ఎడ్లబండ్ల కాలం నాటివే.

పర్మిట్ అంటే?

లండన్ వంటి నగరాలలో ఈ తగవును పర్మిట్‌తో తీర్చుకున్నారు. కొన్ని వీధులను కలిపి ఒక హద్దు గీస్తారు. అక్కడ కాపురముండేవారు రుసుము కట్టి పర్మిట్ తీసుకుంటారు. నిర్ణయించిన వేళల్లో బయటివారు గంటల లెక్కన డబ్బు చెల్లించి, చూపిన చోటనే నిలపాలి. జపానులో 1962లోనే చట్టం చేశారు. అక్కడి నగరాలలో బండి నిలిపే చోటు చూపిస్తేగాని కారు సొంతం కాదు. మన దేశంలో ఢిల్లీ ప్రభుత్వం 2019లో పార్కింగు నిబంధనలు తెచ్చింది. హైదరాబాదులో 2018 ఏప్రిల్ నుంచి మాల్స్‌లో మొదటి అరగంటకు పార్కింగు రుసుము తీసుకోరాదన్న ఉత్తర్వు అమలులోకి వచ్చింది.

తలా ఒక మాట

ఇటువంటి పద్ధతి మనకూ కావాలన్నది వీధుల్లో కాపురముండేవారి వాదన. అర్ధరాత్రి రోగిని ఆసుపత్రికి తీసుకుపోవాలంటే గేటు ముందు ఎవరిదో కారు వుంటే ఏం చేయాలని వారు అడుగుతున్నారు. పర్మిట్ పెడితే బేరాలు పోతాయని వ్యాపారుల భయం. పల్లెవాసుల ప్రశ్న మరొకటి: "వీధి వారికిచ్చేస్తే, మందులకు, విత్తనాలకు వచ్చిన మేమెక్కడ నిలపాలి?"

టోకెన్ల అనుభవం

మిర్యాలగూడ రైతుకు ఈ ప్రశ్న కొత్తది కాదు. కోతల కాలంలో రైసుమిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు రోడ్డు పొడవునా బారులు తీరుతాయి. రద్దీ తగ్గించాలని 2021లో సన్నధాన్యానికి టోకెన్లు పెట్టారు. అప్పుడు ట్రాక్టర్ల బారు కాస్తా టోకెన్ల కోసం రైతుల బారుగా మారింది. కోసిన పంట కళ్ళముందుంటే చీటీ కోసం రైతు ఎదురుచూడవలసి వచ్చింది. మిల్లులో దించుకునే జాగా పెరగకుండా చీటీ ఒక్కటే ఇస్తే కష్టం తీరలేదు.

దీనికి భిన్నమైన అనుభవం కూడా వుంది. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్ళకొకసారి జరుగుతుంది. లక్షలాది జనం వస్తారు. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే వాహనాలను నార్కట్‌పల్లి వద్ద మళ్ళించి నల్లగొండ, మిర్యాలగూడ, కోదాడ మీదుగా పంపిస్తారు. జాతరకు వచ్చే బండ్లకు ముందే ఖాళీ జాగాలు చూపుతారు. చోటు చూపించాక అక్కడ నిలపమంటే జనం కాదనరు.

ముందు చోటు చూపాలి

బండ్లు నిలిపే చోట్లను నిర్ణయించే అధికారం 1988 మోటారు వాహనాల చట్టం 117వ సెక్షను కింద ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన వారికి వుంది. పది గంటలకు మించి దిక్కులేకుండా రోడ్డుపై వదిలేసిన బండిని తొలగించవచ్చునని అదే చట్టం 127వ సెక్షను చెబుతోంది. కొత్త చట్టమేదీ అవసరం లేదు.

బస్టాండు, మార్కెట్, ఆసుపత్రుల దగ్గర ఖాళీ స్థలం చూసి, బోర్డు పెట్టి, మొదటి గంట ఉచితంగా వదిలితే సగం తగవు తీరుతుంది. ఆ తర్వాత ఇరుకు వీధులకు పర్మిట్ పెట్టినా ఎవరికీ అభ్యంతరం వుండదు. చోటు చూపకుండా పర్మిట్ పెడితే ఆ భారం పల్లెవాసి మీదే పడుతుంది. మూడు పట్టణాల మున్సిపల్ అధికారులు, పోలీసులు ఈ విషయం ఆలోచించవలసి వుంది.