రిడీమ్

రిడీమ్ అనేది ఆంగ్ల భాషలో విరివిగా వాడే సకర్మక క్రియ. చేజారిన దానిని గాని, ఇతరుల వద్ద కుదువలో ఉన్న దానిని గాని మూల్యం చెల్లించి తిరిగి పొందడం దీని మూలార్థం. దీని నామవాచక రూపం రిడెంప్షన్. బ్యాంకులోను, న్యాయస్థానంలోను, చర్చిలోను, దుకాణంలోను వినిపించే ఈ క్రియకు అన్ని సందర్భాలలో సరిపోయే ఒకే తెలుగు మాట లేదు.

వ్యుత్పత్తి

లాటిన్ క్రియ రెడిమెరె దీనికి మూలం. ఇందులో రెడ్ అనగా తిరిగి, ఎమెరె అనగా కొనుట. 15వ శతాబ్దంలో ఇది ఆంగ్లంలో ప్రవేశించింది. బందీని విడిపించడానికి ఇచ్చే సొమ్మును తెలిపే రాన్సమ్ అనే ఆంగ్ల పదం కూడా ఈ లాటిన్ మూలం నుండే పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. కనుక రిడెంప్షన్, రాన్సమ్ ఒక తల్లి బిడ్డలే.

తాకట్టు విడిపించుట

కుదువ పెట్టిన నగను అసలు, వడ్డీ చెల్లించి తెచ్చుకోవడం ఈ క్రియకు సహజమైన ఉదాహరణ. భూమి విషయంలో ఇది చట్టం కల్పించిన హక్కు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 60వ సెక్షను ప్రకారం, గడువు వచ్చిన తరువాత బాకీ చెల్లించి ఆస్తిని, పత్రాలను తిరిగి పొందే హక్కు తనఖా పెట్టినవారికి ఉంటుంది. ఈ హక్కును హరించే షరతును తనఖా పత్రంలోనే వ్రాయించుకున్నా సాధారణంగా అది న్యాయస్థానంలో నిలవదు.

ఈ దావాకు 1908 నాటి చట్టంలో 60 సంవత్సరాల గడువు ఉండగా, 1963 నాటి కాలపరిమితి చట్టం దానిని 30 సంవత్సరాలకు తగ్గించింది. అయితే ఋణదాతే భూమిని అనుభవిస్తూ ఉండే స్వాధీన తనఖాలో, తనఖా పెట్టిన తేదీ నుండి 30 ఏళ్ళు గడిచినంత మాత్రాన హక్కు పోదని 2014లో సింగ్ రామ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తాతల కాలంలో పొలం తాకట్టు పెట్టిన కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు.

మాట చెల్లించుట

ఆంగ్లంలో ప్లెడ్జ్ అనే పదానికి కుదువ, ప్రతిజ్ఞ అని రెండు అర్థాలు. అందుచేత ప్రతిజ్ఞ నెరవేర్చడాన్ని కూడా రిడీమ్ చేయడమనే అంటారు. 1947 ఆగస్టు 14 రాత్రి రాజ్యాంగ సభలో జవహర్‌లాల్ నెహ్రూ చేసిన ప్రసంగం ఆరంభంలోనే ఈ ప్రయోగం ఉంది. అక్కడ "విడిపించుట" అని అనువదిస్తే అర్థం చెడుతుంది. తెలుగులో "చెల్లించు" దీనికి చాలా దగ్గర. అప్పు చెల్లిస్తాము, మొక్కు చెల్లిస్తాము, ఇచ్చిన మాటనూ చెల్లిస్తాము.

మతపరమైన అర్థం

పేదరికం వలన అమ్ముకున్న భూమిని, పరదేశికి అమ్ముడుపోయిన మనిషిని సమీప బంధువు విడిపించవచ్చునని బైబిలులోని లేవీయకాండము 25వ అధ్యాయం చెబుతుంది. అటువంటి బంధువును హీబ్రూ భాషలో గోయెల్ అంటారు. రూతు గ్రంథంలోని బోయజు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. యేసు మరణాన్ని పాపదాస్యం నుండి మానవులను విడిపించిన మూల్యంగా భావించే క్రైస్తవులు ఆయనను రిడీమర్ అంటారు. తెలుగు బైబిలులో దీనికి వాడే మాట విమోచకుడు.

విమోచన అనే సంస్కృత పదంలో విడుదల ఉన్నది గాని కొనుగోలు లేదు. శాపవిమోచనానికి ఎవరూ సొమ్ము చెల్లించరు. అలాగే 1948 సెప్టెంబరు 17కు సంబంధించి కొందరు వాడే తెలంగాణ విమోచన అనే మాటను ఆంగ్లంలో లిబరేషన్ అనాలే తప్ప రిడెంప్షన్ అనరాదు.

కొనుగోలు అనే అర్థం ఎంత కఠినమైనదో అమెరికా బానిసత్వ చరిత్రలో కనిపిస్తుంది. పారిపోయి వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్‌ను 1846లో బ్రిటన్‌లోని మిత్రులు 150 పౌండ్లు చెల్లించి చట్టరీత్యా విడిపించారు. యజమానికి వెల కట్టి ఇస్తే మనిషిని ఆస్తిగా ఒప్పుకున్నట్లే అని బానిసత్వ వ్యతిరేకులలోనే కొందరు ఆక్షేపించారు. డగ్లస్ ఆ చర్యను సమర్థించాడు.

ఇతర వాడుకలు

బాండ్లు, మ్యూచువల్ ఫండ్ల వ్యవహారంలో ఈ క్రియ నిత్యం వినిపిస్తుంది. 2015 నవంబరులో గ్రాము 2,684 రూపాయలకు జారీ అయిన తొలి విడత సార్వభౌమ పసిడి బాండ్లు 8 ఏళ్ళ తరువాత 6,132 రూపాయల చొప్పున రిడీమ్ అయ్యాయి. కూపన్లు, రివార్డు పాయింట్ల విషయంలో తిరిగి కొనడమనే భావన దాదాపు మాయమై, "మార్చుకొనుట" మాత్రమే మిగిలింది. ఎన్నో లోపాలున్న మనిషిలోనో, సినిమాలోనో కనిపించే ఒక్క మంచి గుణాన్ని రిడీమింగ్ ఫీచర్ అంటారు. దీనిని "విమోచన లక్షణం" అని మక్కికి మక్కి అనువదించడం కంటే, "ఉన్నంతలో మెచ్చదగిన గుణం" అనడం మేలు.