కాలువ యడుగున దాగిన విషము

న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్ ప్రాంతమున గోవానస్ అను కాలువ కలదు. పొడవు మూడు కిలోమీటర్లకు లోపే. పూర్వమిది ఉప్పునీటి వాగులు ప్రవహించిన చిత్తడినేల. 19వ శతాబ్దపు నడుమ దానిని త్రవ్వి నావలు నడుచునట్లు చేసిరి. అనతికాలముననే యిరుగట్లను కర్మాగారము లాక్రమించినవి. వానిలో బొగ్గునుండి దీపపు వాయువును దీయు శాలలు మూడు. ఊరికి వెలుగునిచ్చిన యా శాలలు కాలువకు తారును మిగిల్చినవి.

కంపు భరింపలేక 1911లో సొరంగము ద్వారా కాలువ నీటిని కదలించు నేర్పాటు చేసిరి. 1960 దశాబ్దమున ఆ యంత్రము చెడినది. 1999 వరకు మరల నడువలేదు. నడచిన కాలమందైనను కదలినది నీరే గాని యడుగు బురద కాదు.

నీటిని సీసాలో పట్టి పరీక్షించిన చాలదా యని విద్యార్థి యడుగవచ్చును. చాలదు. ఆటుపోటులతో వచ్చిపోవు నీరు నేటి సంగతినే చెప్పును. తారులోని బహువలయ హైడ్రోకార్బనులు, సీసము, పాదరసము వంటివి మట్టిరేణువుల నంటుకొని యడుగునకు దిగును. కావున శాస్త్రజ్ఞులు పడవనుండి పొడవైన బోలుగొట్టమును బురదలోనికి నిలువున దింపి, పొరలు చెదరకుండ పైకి దీయుదురు. కలత చెందని చోట పై పొర నిన్నటిది, క్రింది పొర తాతలనాటిది. ఇట్టి పొరల వయస్సు నిర్ణయించుటకు చిత్రమైన సాధన మొకటి కలదు. అణ్వస్త్ర పరీక్షలవలన 1950 దశాబ్దమునుండి లోకమంతట సీజియం-137 రాలినది. 1963 ప్రాంతమున మిక్కుటముగా రాలినది. అది హెచ్చుగా నున్న పొర యా కాలపుదని గుర్తింతురు. బాంబులు బురదకు పంచాంగము వ్రాసిపెట్టినవన్నమాట! అయితే నావలు కలచివైచిన చోట, పూడిక తీసిన చోట ఈ పంచాంగము నమ్మరాదు.

గోవానస్ బురదలో బహువలయ హైడ్రోకార్బనులు కొన్ని చోట్ల నూటికి 4.5 పాళ్లవరకు తేలినవి. ఇక మట్టి యనుటకంటె తారు కలిసిన ముద్ద యనుటయే సమంజసము. గట్టున చేపలను తినరాదని హెచ్చరికలు కట్టిరి; అయినను గాలము వేయువారు మానలేదు. బురదలోని పురుగును చిన్నచేప, చిన్నచేపను పెద్దచేప తినగా, పాదరసము వంటి విషము మెట్టుమెట్టునకు చిక్కనై తుదకు మనుజుని కంచమునకు వచ్చును.

2010 మార్చిలో అమెరికా ప్రభుత్వము ఈ కాలువను తన విషస్థలముల జాబితాలో చేర్చినది. 2013లో శుద్ధి విధానమును నిర్ణయించినది. 2020 నవంబరులో బురద తోడుట ఆరంభమైనది. తోడిన చోట విషమును పీల్చు పొరను, దానిపై ఇసుకను, రాళ్లను మూతగా పరచవలెను. అడుగు నేలనుండి తారు ఊరు తావులలో సిమెంటు కలిపి గట్టిపరుపవలెను.

అసలు చిక్కు పైనుండి వచ్చునది. పెద్దవాన కురిసినపుడు నగరపు మురుగు పొంగి కాలువలో పడును. క్రొత్త మూతపై క్రొత్త విషము పేరుకొనును. అందుకే 80 లక్షల గ్యాలన్లు పట్టునది ఒకటి, 40 లక్షల గ్యాలన్లు పట్టునది ఒకటి, రెండు భూగర్భపు తొట్లను కట్ట నిశ్చయించిరి. మూత పరచిన పిదపనైనను గొట్టములకు విశ్రాంతి లేదు. దానిపై చేరు పలుచని మంటిపొరను మరల మరల దీసి, విషము క్రిందినుండి ఊరినదో పైనుండి దిగినదో తేల్చుచుండవలెను.