ఇంట్లో ఆఫ్‌రోడ్ బగ్గీ ఛాసిస్: ఫోన్ లెవల్ యాప్‌ని నమ్మొచ్చా?

బీటెక్‌లో బాహా పోటీకి బగ్గీ చేసిన ధైర్యంతో, ఇంటి షెడ్‌లో సొంతంగా ఒక ఛాసిస్ మొదలుపెట్టాను. కోణాలు చూడ్డానికి ఫోన్ లెవల్ యాప్‌నే నమ్మాను. అదే తప్పు! 1 డిగ్రీ తేడా ఉన్నా 1.5 మీటర్ల పైపు చివర దాదాపు 26 మి.మీ. పక్కకి పోతుంది. పైగా ఒకవైపు మొత్తం వెల్డింగ్ చేసేశా. వెల్డ్ చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది కదా, ఫ్రేమ్‌ని లాగేసింది. కోసి మళ్లీ చేయాల్సి వచ్చింది.

అందుకే ముందు ట్యాక్ వెల్డింగ్ మాత్రమే వేయండి. కింది ఫ్రేమ్‌లో ఎదురెదురు పైపులు, మూల నుంచి మూలకి రెండు కొలతలూ టేపుతో చూడండి. సమానంగా ఉంటేనే ఫుల్ వెల్డింగ్, అదీ ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఫ్రేమ్ వంకరగా ఉంటే ఎంత మంచి సస్పెన్షన్ పెట్టినా బండి సరిగ్గా నడవదు. ఇంకోటి, రిజిస్ట్రేషన్ లేని బగ్గీని పబ్లిక్ రోడ్డెక్కించకండి.