రెండు వేల మంది రైతులు, ఒక ఈటె

రెండు వేల మంది రైతుల్ని ఒకే వరసలో నిలబెట్టండి. మనిషికీ మనిషికీ మధ్య ఐదడుగులు. మొదటివాడి చేతికి ఓ ఈటె ఇవ్వండి. అతను పక్కవాడికి, పక్కవాడు ఆ పక్కవాడికి అందిస్తూ పోవాలి. ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలో పోరాటం రౌండ్ల లెక్కన నడుస్తుంది. రౌండంటే ఆరు సెకన్లు. ‘నా చేతికి రాగానే పక్కవాడికి ఇస్తాను’ అని ముందే చెప్పి సిద్ధంగా ఉండే వీలు ఎవరికైనా ఉంది. అంటే రెండు వేల మందీ తమ వంతు పనిని ఆ ఆరు సెకన్లలోనే ముగించేస్తారు. ఈటె మూడు కిలోమీటర్లు దాటేస్తుంది. లెక్క కడితే గంటకు 1,800 కిలోమీటర్ల పైమాటే. శబ్దం కన్నా జోరు. ఆఖరి రైతు దాన్ని వదిలితే ఎదురుగా ఉన్న డ్రాగన్ గతేమిటి?

ఆటగాళ్లు దీనికి ‘పెజంట్ రైల్‌గన్’ అని పేరు పెట్టుకున్నారు. నిజంగా ఆడినవాళ్లు అరుదు, వాదించినవాళ్లకు లెక్కలేదు. తమాషా ఏమిటంటే, నియమాల్ని తు.చ. తప్పకుండా పాటిస్తే ఈటె ప్రయాణం కుదురుతుంది, దెబ్బ మాత్రం కుదరదు. వేగాన్ని బట్టి గాయం పెరుగుతుందని ఆ పుస్తకాల్లో ఎక్కడా లేదు. కాబట్టి ఆఖరి రైతు విసిరేది మామూలు ఈటే. దారి పొడవునా ఆట నియమాల్ని వాడుకుని, చివరి క్షణంలో భౌతికశాస్త్రాన్ని పిలవడమే ఇందులోని దొంగాట. 2024లో వచ్చిన ‘డన్జన్ మాస్టర్స్ గైడ్’ ఈ సంగతిని పనిగట్టుకుని ప్రస్తావించింది. ఆట నియమాలు భౌతిక సూత్రాలు కావని, ఈటెను చేతులు మార్చి కాంతివేగానికి చేరుస్తామంటే ఒప్పుకోవద్దని నిర్వాహకులకు చెప్పింది. యాభై ఏళ్ల ఆట ఓ అల్లరి ప్రశ్నకు అచ్చులో జవాబు చెప్పుకుంది. నాకు అది చాలా ముచ్చటగా అనిపించింది.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు డన్జన్ మాస్టర్. కథలోని ఊళ్లు, రాజులు, భూతాలు, వానా చీకటీ అన్నీ ఆ మనిషి పూచీ. మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. మాస్టర్ పరిస్థితి వివరించి ‘ఏం చేస్తారు?’ అంటారు. ఆటగాడు తనకు తోచింది చెబుతాడు. ఫలితం అటో ఇటో తేలకపోతే ఇరవై ముఖాల పాచిక వేసి, పాత్రను బట్టి ఓ అంకె కలిపి, కావలసిన అంకెను చేరిందో లేదో చూస్తారు. చదరంగంలో గుర్రం ఎటెటు దూకగలదో ముందే తెలుసు. ఇక్కడైతే శత్రువు గుర్రానికి బెల్లం పెట్టి మచ్చిక చేసుకుంటానంటాడొకడు. ఆ బెల్లం గురించి ఏ పుస్తకమూ ముందుగా రాసి పెట్టలేదు. నియమాల మీద సందేహాలు ఆటకు పట్టిన తెగులని కొందరు విసుక్కుంటారు గానీ, ఆట నడిచేదే వాటి మీద.

దొంగ రాకతో

1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి ఈ ఆట బయటికొచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దాని కర్తలు. ఓ పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, మొదటి ముద్రణ వెయ్యి ప్రతులు. అందులోని రాత ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. పోరాటం కోసం ‘చెయిన్‌మెయిల్’ అనే వేరే యుద్ధక్రీడ పుస్తకం చూడమంటుంది. అడవుల్లో తిరగడానికి వేరే కంపెనీ అమ్మే ‘అవుట్‌డోర్ సర్వైవల్’ బోర్డు తెచ్చుకోమంటుంది. ఉన్న పాత్రలు మూడే రకాలు: యోధుడు, మాంత్రికుడు, మతగురువు. మిగతాదంతా ఆడేవాళ్ల తెలివికి వదిలేశారు.

మరుసటి ఏడాది ‘గ్రేహాక్’ అనే అనుబంధ పుస్తకంలో నాలుగో రకం వచ్చింది: దొంగ. తాళాలు తీయడం, చప్పుడు కాకుండా నడవడం, నీడలో దాక్కోవడం అతని విద్యలు. ఒక్కో విద్యకూ ఇంత శాతమని పట్టిక. వినడానికి బాగానే ఉంది. కానీ అంతకు ముందు ఎవరు దాక్కోవాలన్నా ‘తలుపు వెనక నక్కుతాను’ అంటే సరిపోయేది. సందు చాలుతుందా, వెలుతురెంత, కాపలావాడు తాగి ఉన్నాడా అని మాస్టర్ ఆలోచించి చెప్పేవారు. ఇప్పుడు దాక్కోవడం దొంగ సొత్తయింది. మరి యోధుడు దాక్కోవచ్చా, కూడదా? పైగా 1978 నాటి పుస్తకంలో కొత్తగా బయల్దేరిన దొంగ నీడలో దాక్కోగలిగే అవకాశం పది శాతం! కొత్త విద్య ఇచ్చామని చెప్పి, అందరికీ ఉన్నదాన్ని లాక్కుని, ఆ దొంగకే పదింట ఒక పాలు విదిల్చినట్టయింది. ఒకడికి రాసిచ్చిన నియమం మిగతావాళ్ల చేతులు కట్టేస్తుందన్న సంగతి ఈ ఆటలో తర్వాత ఎన్నిసార్లు రుజువైందో చెప్పలేం.

ప్రశ్నలు కుప్పలు పడ్డాయి. 1979లో ‘ద డ్రాగన్’ పత్రికలో ‘సేజ్ అడ్వైస్’ అనే ప్రశ్నోత్తరాల శీర్షిక మొదలైంది. తొలి జవాబులు రాసింది జీన్ వెల్స్. ఆ శీర్షిక చేతులు మారుతూ, రూపం మారుతూ ఈ శతాబ్దంలోకి కూడా వచ్చింది. ఆట యాజమాన్యం 1997లో టీఎస్ఆర్ అనే కంపెనీ నుంచి విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అనే కంపెనీకి మారినా సందేహాల శీర్షిక ఆగలేదు.

అంకెల్లో మనిషి

ఇక పాత్రను తయారు చేసుకునే విద్య. దీని మీద ప్రేమ ముదిరినవాళ్లు అసలు ఆడటం కన్నా పాత్రలు కట్టుకుంటూ గడపడమే ఎక్కువ. వాళ్ల భాషలో అది ‘బిల్డ్’.

ప్రతి పాత్రకూ ఆరు గుణాలు: స్ట్రెంత్, డెక్స్‌టెరిటీ, కాన్‌స్టిట్యూషన్, ఇంటెలిజెన్స్, విజ్‌డమ్, కరిష్మా. 1974లో ఒక్కో గుణానికి మామూలు పాచికలు మూడు వేసి, పడిందే ప్రాప్తమని రాసుకునేవారు. పద్దెనిమిది పడటానికి 216లో ఒక్క అవకాశం. మాంత్రికుడు కావాలని కలలు కన్నవాడికి తెలివి ఐదు పడితే ఐదే. ఆ పద్ధతిలో పాత్రను ఎవరూ కట్టరు, తలుపు తీస్తే ఎదురుగా నిలబడి ఉంటుంది. ఇప్పుడు చాలామంది ఎంచుకునేది వేరే దారి: చేతిలో 27 పాయింట్లు, వాటితో గుణాలు కొనుక్కోవాలి. ఎనిమిది ఉచితం. పద్నాలుగుకు ఏడు పాయింట్లు, పదిహేనుకు తొమ్మిది. అంతకు మించి కొనడానికి లేదు.

కిటుకంతా ఇక్కడే. పాచిక మీద కలిసేది గుణం కాదు, దాన్నుంచి పుట్టే చిన్న అంకె. పద్నాలుగుకైనా పదిహేనుకైనా ఆ అంకె రెండే. పదహారుకు గానీ మూడు కాదు. అంటే పదిహేను కోసం అదనంగా పెట్టిన రెండు పాయింట్లు దండగ, పాత్ర పూర్వవృత్తి వల్ల కలిసే ఒకటో రెండో దాన్ని పదహారుకు చేరిస్తే తప్ప. ఇరవై ముఖాల పాచిక మీద ఒక్క అంకె తేడా అంటే ఐదు శాతం. ఐదు కలుపుకుని కొట్టే యోధుడు కవచం అంకె పదిహేను ఉన్నవాణ్ని తాకే అవకాశం 55 శాతం. రెండు పాచికలు వేసి పెద్దది తీసుకునే ‘అడ్వాంటేజ్’ దొరికితే అదే దాదాపు 80. అందుకే అనుభవజ్ఞులు అంకెలు పెంచుకోవడం కన్నా అడ్వాంటేజ్ తెచ్చుకోవడానికే తంటాలు పడతారు.

27 పాయింట్లనూ సరిగ్గా ఖర్చు చేస్తే మూడు పదిహేనులు, మూడు ఎనిమిదులు వస్తాయి. బిల్డర్లకు ఇష్టమైన పంపకాల్లో ఇదొకటి. నన్ను అడిగితే ఆ పాత్రలో చూడాల్సినవి ఎనిమిదులే. పదిహేనులు పని జరిపిస్తాయి, ఎనిమిదులు కథ పుట్టిస్తాయి. విజ్‌డమ్ ఎనిమిది ఉన్న పాలడిన్ అనే ధర్మయోధుడు ప్రతి బిచ్చగాడి కథా నమ్ముతాడు, తన బృందం డబ్బంతా పంచిపెడతాడు. లెక్కలు వేసుకునేవాడికి నటన రాదని, నటించేవాడు లెక్కలు వేయకూడదని ఓ పాత అపోహ ఉంది. రెండూ చేసేవాళ్లు బోలెడుమంది.

దీని పక్కనే ఇంకో చిక్కు ప్రశ్న. ఆటగాడు నోరు విప్పడానికే సిగ్గుపడే రకం, అతని పాత్రకేమో కరిష్మా పద్దెనిమిది. రాజుగారి ఎదుట ప్రసంగించి సైన్యం అడగాలి. ఆటగాడు నిజంగా ప్రసంగించాలా, పాచిక వేస్తే చాలా? చాలామంది మాస్టర్లు ‘ఏమంటావో అని చూపించు’ అంటారు, తడబడితే మార్కులు కోస్తారు. యోధుడు బండ ఎత్తుతానంటే ఎవరూ లేచి బల్ల ఎత్తి చూపించమనరు కదా! నా పక్షం ఇది: రాజుకు ఏం ఆశ చూపుతున్నాడో, దేన్ని దాస్తున్నాడో ఆటగాడు చెప్పాలి. అది అతని బుర్ర. ఎంత సొగసుగా చెప్పాడన్నది పాత్ర వంతు, పాచిక వంతు. దీని తలకిందుల కేసు మరీ ఇబ్బంది. మహా తెలివైన ఆటగాడు, ఇంటెలిజెన్స్ ఆరు ఉన్న పాత్ర. గోడ మీద పొడుపుకథ కనిపిస్తే విప్పాలా, మింగాలా? అతని నోరు నొక్కేస్తే సాయంత్రం పాడవుతుంది. విప్పనిచ్చి, ఆ మాట పక్కవాడి పాత్ర నోట వచ్చినట్టు రాసుకుంటే ఎవరికీ నష్టం లేదు.

వరాల లొసుగులు

నియమంలోని ప్రతి అక్షరాన్నీ తన వైపుకు లాగేవాణ్ని ‘రూల్స్ లాయర్’ అంటారు. మనకు ఈ జాతి కొత్తేమీ కాదు. పగలూ కాదు రాత్రీ కాదు, ఇంటా కాదు బయటా కాదు అని హిరణ్యకశిపుడు వరం అడిగిన తీరు చూస్తే ఇంతకు మించిన బిల్డర్ పుట్టలేదనిపిస్తుంది. సంధ్యవేళ, గడప మీద అతనికి దొరికిన జవాబు కూడా అక్షరం తప్పని జవాబే. ఈ ఆటలో రాక్షసులకూ అలాంటి వరాలున్నాయి. 1977 ‘మాన్‌స్టర్ మాన్యువల్’లో పులితలతో, పైపు పట్టుకుని దర్జాగా కనిపించే ‘రాక్షస’ ఉంటాడు. మహా పెద్ద మంత్రాలు తప్ప మిగతావేవీ అతని మీద పారవు. అయితే దీవెన పొందిన క్రాస్‌బౌ బాణం తగిలితే చచ్చిపోతాడు. మన పురాణాల్లో వెతికినా ఆ బాణం దొరకదు, లొసుగు ఉన్న వరం మాత్రం అచ్చంగా మనదే.

2000లో వచ్చిన మూడో ఎడిషన్ అన్నిటికీ నియమం రాయాలని చూసింది. ఎన్ని నియమాలో అన్ని అతుకులు, అతుకుకో సందు. ఆ సందుల్లోంచి పుట్టిందే ‘పన్-పన్’. కోబోల్డ్ అనే పొట్టి బల్లిమనిషి, ఎక్కడో అనుబంధ పుస్తకంలో ఉన్న ఓ సర్పజీవి శక్తిని సంపాదించి, దాంతో తన శక్తుల్ని తానే పెంచుకుంటూ అంతులేని బలవంతుడవుతాడు. ఏ బల్ల దగ్గరా ఆడనివ్వరు. అది ఆడటానికి కట్టింది కాదు కూడా, పుస్తకాన్ని ఎంత దూరం చదవొచ్చో చూపడానికి కట్టింది. రూల్స్ లాయర్‌ని అందరూ తిడతారు గానీ రచయితకు అంతకన్నా శ్రద్ధగల పాఠకుడు దొరకడు.

2014లో ఐదో ఎడిషన్ నియమాల్ని కుదించి, మాట తేల్చే పని మళ్లీ మాస్టర్‌కే వదిలింది. అయినా లాయర్లు ఊరుకోలేదు. అదృశ్యంగా ఉన్నవాడి మీద దాడి చేస్తే రెండు పాచికలు వేసి చిన్నది తీసుకోవాలని రాశారు. అదృశ్యుల్ని చూడగలిగే మంత్రం వేరేచోట ఉంది. ఆ మంత్రం వేసుకున్నవాడికి ఎదుటివాడు కళ్లకు కడుతున్నాడు, కానీ చిన్న పాచిక శిక్ష తప్పుతుందని మాత్రం ఎక్కడా లేదు! నియమాల బాధ్యత చూసిన డిజైనర్ జెరెమీ క్రాఫర్డ్‌ను అడిగితే, రాసినదాని ప్రకారం శిక్ష ఉంటుందనే అన్నాడు. చాలా బల్లల దగ్గర ఆ జవాబును మర్యాదగా పక్కన పెట్టేశారు.

2024లో వచ్చిన ఆటగాళ్ల నియమాల పుస్తకం ఆ వాక్యాన్ని దిద్దింది. నిన్ను చూడగలిగినవాడి మీద నీకు ఆ లాభం లేదంది. ఆ చేత్తోనే దాక్కోవడాన్ని కూడా అదృశ్యంతో కలిపేసింది. శత్రువు చూపుకు అందని చాటులో ఉండి, పాచికతో పదిహేను తెచ్చుకుంటే నువ్వు ‘అదృశ్యం’. గుసగుస కన్నా గట్టిగా చప్పుడు చేసినా, దాడి చేసినా, మంత్రం పైకి చదివినా, శత్రువు కనిపెట్టినా అది పోతుంది. మరి స్తంభం చాటున దాక్కున్న దొంగ అడుగులో అడుగు వేసుకుంటూ వెలుతురున్న నట్టనడి హాల్లోకి నడిచొస్తే? చప్పుడు చేయలేదు, దాడి చేయలేదు. కాపలావాడు ఎదురుగా చూస్తూ ఉండటాన్ని ‘కనిపెట్టడం’ అనాలా, దానికి అతను విడిగా పాచిక వేయాలా? పుస్తకం రెండు చదువులకూ చోటిస్తుంది. మాస్టర్ స్థానంలో నేనుంటే, కాపలావాడు అటు తిరిగి ఉన్నంతసేపు నడవనిస్తాను, ఇటు తిరిగితే కనిపించావంటాను. దానికి ఆ దొంగ దగ్గర ప్రశ్న సిద్ధంగానే ఉంటుంది: ‘సరే, ముందు దీపం ఆర్పేస్తే?’