అరికాలి చెమట, బండ మీది పట్టు

బండలెక్కే క్రీడలో చేతులకు పట్టే చెమట గురించి జరిగినంత చర్చ పాదాలకు పట్టే చెమట గురించి జరగదు. చేతి చెమట కంటికి కనిపిస్తుంది, నడుముకు కట్టుకున్న చాక్ సంచిలో చెయ్యి ముంచితే అప్పటికి ఆరిపోతుంది. కాలి చెమట మాత్రం బిగుతైన షూ లోపలే ఊరుతూ, వాసనగా బయటపడేదాకా ఎవరి దృష్టికీ రాదు. అందువల్లనే చాలామంది దీన్ని పరిశుభ్రతకు చెందిన చిన్న విషయంగా, కొంత సిగ్గుపడవలసిన విషయంగా కూడా భావిస్తారు. నిజానికి ఇది మొదట పట్టుకు సంబంధించిన విషయం, తరువాత చర్మారోగ్యానికి సంబంధించిన విషయం. వాసన స్థానం ఆ రెండింటి తరువాతనే వస్తుంది.

మదనపల్లె, పుంగనూరు, సదుం, కుప్పం ప్రాంతాల్లో తిరిగినవారికి ఈ పట్టు అన్న మాట ఎంత ముఖ్యమో విడమరచి చెప్పనక్కర లేదు. ఇక్కడి కొండలు దక్కన్ పీఠభూమికి పునాదిగా ఉన్న అతి పురాతన శిలలు. సుమారు 250 కోట్ల ఏళ్ళ కిందట భూగర్భంలో గట్టిపడిన గ్రానైటు, పైపొరలు ఉల్లిపొరల్లా ఊడిపోతూ, అంచులు అరిగి గుండ్రబడి, చేలగట్ల పక్కన గుండ్లుగా, ఊరి వెనక నున్నటి బోడికొండలుగా మిగిలింది. ఇటువంటి బండకు చేత్తో పట్టుకోవడానికి పగుళ్ళు, అంచులు తక్కువ. ఎక్కేవారు ఏటవాలు బండ మీద అరికాలి ముందు భాగాన్ని ఆనించి, శరీరపు బరువునంతా దాని మీద మోపి, రబ్బరుకూ రాతికీ మధ్య పుట్టే ఒరిపిడిని నమ్ముకొని పైకి జరుగుతారు. స్మియరింగ్ అని పిలిచే ఈ పద్ధతిలో చెయ్యి చేసే పని సమతూకం చూసుకోవడం వరకే; మనిషిని నిలబెట్టేది కాలే.

క్లైంబింగ్ షూ నిర్మాణం కూడా ఆ ఒక్క ప్రయోజనం కోసమే రూపొందింది. 1930లలో ఫ్రాన్సుకు చెందిన పియెర్ అలెన్, పారిస్ సమీపంలోని ఫాంటెన్‌బ్లో బండల మీద వాడటానికి నున్నటి రబ్బరు అడుగుతో షూ తయారు చేశాడు. 1980ల తొలి ఏళ్ళలో స్పెయిన్‌కు చెందిన బొరియల్ కంపెనీ ‘ఫిరే’ అనే షూతో బండను అంటుకొనే మెత్తని రబ్బరును ప్రచారంలోకి తెచ్చింది. నేటి షూలో ఆ రబ్బరు అడుగున మాత్రమే కాక, బొటనవేలి మీదుగా, మడమ చుట్టూ కూడా పట్టీలా అతికి ఉంటుంది. కాలు లోపల ఏమాత్రం కదలకుండా ఉండేందుకు దీన్ని మామూలు బూటు కంటే చిన్న కొలతలో, చాలా సందర్భాల్లో మేజోళ్ళు లేకుండా తొడుక్కుంటారు. అంటే గాలి చొరబడని రబ్బరు గోడల మధ్య, చర్మానికీ తోలుకూ మధ్య సందే లేని స్థితిలో పాదం బిగుసుకొని ఉంటుంది. అక్కడ పుట్టిన చెమటకు బయటికి దారి లేదు.

ఈ స్థితి ఫలితాన్ని దగ్గరగా చూడాలంటే బొటనవేలి కొనను గమనించాలి. గ్రానైటులో కందిగింజంత ఫెల్డ్‌స్పార్ పలుకు ఒకటి బండ మీద పొడుచుకొని ఉందనుకుంటే, షూ కొన దాని మీద నిలుస్తుంది, బొటనవేలు షూ కొనలోకి ఒత్తుకుంటుంది. రబ్బరు పలుకును వదలకపోయినా, లోపల తడిసిన వేలు తోలు మీద కొద్దిగా జారి పక్కకు ఒరిగితే, బరువు మోసే కోణం మారిపోయి రబ్బరు కూడా పలుకును వదిలేస్తుంది. జారింది షూ అని బయటినుంచి చూసినవారు అనుకుంటారు. జారడం మొదలైంది షూ లోపల. మడమ దగ్గర కూడా ఇదే జరుగుతుంది. మడమను బండ అంచుకు కొక్కెంలా తగిలించినప్పుడు చెమట పట్టిన మడమ షూలోంచి ఊడివచ్చినంత పనవుతుంది. ఎక్కి దిగి షూ విప్పినప్పుడు వేళ్ళ కొనలు చాకిరేవులో నానిన చేతుల్లా తెల్లబడి ముడతలు దేరి ఉంటే, ఆ పూట పట్టు ఎంత తగ్గి ఉంటుందో అంచనా వేసుకోవచ్చు.

అలిపిరి నుంచి 3,550 మెట్లు చెప్పులు లేకుండా ఎక్కే భక్తులకూ, నల్లమలలో నారతో పేనిన తాళ్ళ మీద కొండచరియల వెంట దిగి తేనె తీసే చెంచులకూ ఈ బాధ ఎందుకు లేదన్న ప్రశ్న ఇక్కడ సహజంగా వస్తుంది. వారి పాదాలకు చెమట పట్టక కాదు. బయట ఉన్న పాదం మీది చెమట గాలికి ఆరిపోతుంది, మిగిలిన కాస్త తడిని మట్టి పీల్చుకుంటుంది. అంతేకాదు, అరికాలి చర్మం కొద్దిగా చెమ్మగిల్లి మెత్తబడినప్పుడు ఎండి బిరుసెక్కిన చర్మం కంటే రాతిని బాగా పట్టుకుంటుంది. చర్మం తన పని తాను సరిగ్గానే చేస్తున్నది. చిక్కంతా దాన్ని మూసిపెట్టడంలో ఉంది.

చెమట గ్రంథుల్లో శరీరమంతటా వ్యాపించి ఉండే రకాన్ని ఎక్రిన్ గ్రంథులు అంటారు. ఇవి అన్నిటికంటే దట్టంగా ఉండేది అరచేతుల్లోనూ అరికాళ్ళలోనూ. వీపుకూ నుదుటికీ పట్టే చెమట ప్రధానంగా ఎండకూ శ్రమకూ స్పందనగా, ఒంటిని చల్లబరచడానికి పుడుతుంది. అరచేతి, అరికాలి చెమట మాత్రం ప్రధానంగా భయానికీ ఆదుర్దాకూ స్పందనగా పుడుతుంది. ప్రమాదాన్ని పసిగట్టినప్పుడు గుండె వేగాన్ని పెంచే సానుభూతి నాడీవ్యవస్థే ఈ గ్రంథులను కూడా తెరుస్తుంది. మార్గశిరపు చలిలో, ఒళ్ళంతా చల్లగా ఉన్న వేళ కూడా, నేలకు పదిహేను అడుగుల ఎత్తున నిలిచిన కొత్తవారి పాదాలు షూలో తడిసిపోవడానికి కారణం ఇదే. ఈ చెమటను వాతావరణం కంటే మనసే ఎక్కువగా నడిపిస్తుంది.

ఈ సంగతి శిక్షణ ఇచ్చేవారికి చాలా ఉపయోగపడుతుంది. తెలుగునాట ఈ విద్యకు పేరుపడ్డ చోటు భువనగిరి. ఏకశిలగా నిలిచిన ఆ కోటకొండ మీద నడిచే రాక్ క్లైంబింగ్ పాఠశాలలోనే, 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్నారు. అప్పటికి పూర్ణ వయస్సు 13 ఏళ్ళ 11 నెలలు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. పేద కుటుంబాల పిల్లలు ఇటువంటి చోట్ల బండ మీద తొలిసారి నిలబడేటప్పుడు, కాళ్ళకు చెమట పట్టడాన్ని లోపంగానో అసహ్యంగానో చూపించకుండా, అది ఒంటికి సహజమైన స్పందన అనీ, తాడు మీద నమ్మకం కుదిరిన కొద్దీ తగ్గుతుందనీ చెప్పగలిగితే, చెమటకు తోడయ్యే సిగ్గు అనే రెండో భారం వారి మీద పడదు. ఈ వ్యాసంలో పొడుల గురించి, పటిక గురించి చెప్పబోయే మాటలన్నిటికంటే ఈ మాటకే ఎక్కువ విలువ ఇవ్వవలసి ఉంది.

ఇక వాసన సంగతి. ఎక్రిన్ గ్రంథుల చెమట దాదాపు నీరూ ఉప్పూ మాత్రమే. దానికంటూ చెప్పుకోదగ్గ వాసన లేదు. చర్మం మీద సహజంగా నివసించే స్టెఫిలోకోకస్ ఎపిడెర్మిడిస్ వంటి సూక్ష్మజీవులు చెమటలో స్వల్పంగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని విడగొట్టినప్పుడు ఐసోవాలెరిక్ ఆమ్లం పుడుతుంది. పులిసి ముక్కిన ఆ ఘాటు దానిదే. ఈ జీవులకు కావలసినవి తడి, వెచ్చదనం, మూసిన చోటు, నానిన చర్మపు పొట్టు. షూ ఈ నాలుగింటినీ సమకూరుస్తుంది. కాబట్టి సువాసన ద్రవ్యాలు చల్లడం వల్ల లాభం లేదు. షూను చలిపెట్టెలో పెట్టే అలవాటు వల్ల కూడా పెద్ద ప్రయోజనం లేదు, ఎందుకంటే చలికి ఆ జీవులు చాలావరకు చావవు, నిద్రాణంగా ఉండి వెచ్చబడగానే మళ్ళీ పని మొదలుపెడతాయి. వంటసోడాకు మాత్రం ఒక ఆధారం ఉంది: అది క్షారగుణం కలది కనుక ఆ ఆమ్లంతో కలిసి గాలిలోకి ఎగరని లవణంగా మారుస్తుంది. గుడ్డ మూటలో కట్టి రాత్రి షూలో ఉంచితే సరిపోతుంది, ఉదయం తీసివేయాలి.

కాలికి పూసుకునే పొడుల విషయంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ఇంట్లో సులభంగా దొరికేది టాల్కం పౌడరు. టాల్క్ అనే ఖనిజం పలచని పలకలు ఒకదాని మీద ఒకటి జారేలా అమరి ఉన్న పదార్థం కాబట్టి, అది తడిని కాస్త తగ్గించినా పాదానికీ తోలుకూ మధ్య జారుడును పెంచుతుంది. దాని బదులు చేతులకు వాడే చాక్ పొడినే పాదాలకు పలచగా రుద్దుకోవచ్చు. ఇది మెగ్నీషియం కార్బొనేట్. జిమ్నాస్టులు వాడే ఈ పొడిని 1950లలో జాన్ గిల్ అనే అమెరికన్ క్రీడాకారుడు బండల మీదికి తెచ్చాడు. ఇదే పదార్థం సహజ ఖనిజంగా, మాగ్నసైట్ రూపంలో, కుప్పానికి దక్షిణాన తమిళనాడులోని సేలం పక్కన గుట్టలుగా ఉంది. ఆ గుట్టలకు చాక్ హిల్స్ అనే పేరు రావడానికి కారణం ఆ తెల్లదనమే. పేరులో చాక్ ఉన్నది కదా అని గోడకు వేసే సున్నాన్ని మాత్రం ఎవరూ కాలికి పూయరాదు. తడి తగిలిన సున్నం చర్మాన్ని కాలుస్తుంది.

షూ ఎంపికలో తోలుకూ కృత్రిమ పదార్థానికీ ఉన్న తేడా గమనించదగ్గది. తోలు పోగులు ఆవిరిని తమలోకి పీల్చుకొని తరువాత నెమ్మదిగా వదులుతాయి; అందువల్ల చెమట ఎక్కువ పట్టేవారికి లోపల వేరే అస్తరు లేని తోలు షూ అనువుగా ఉంటుంది, అయితే అది వాడగా వాడగా సాగుతుంది కనుక కొనేటప్పుడు మరింత బిగుతు కొలత చూసుకోవాలి. కుప్పం సరిహద్దు దాటితే వచ్చే వాణియంబాడి, ఆంబూరు పట్టణాల తోలు పరిశ్రమ గురించి తెలిసినవారికి ఈ సాగుడు గుణం కొత్త కాదు. కృత్రిమ పదార్థంతో చేసిన షూ ఆకారం నిలుపుకుంటుంది, కాని వాసనను వదలదు. పలచని మేజోళ్ళు వేసుకుంటే చెమటను అవి పీలుస్తాయి, బండ స్పర్శ వేలికి కొంత తగ్గుతుంది. నేర్చుకునే దశలో ఉన్నవారికి ఆ నష్టం లెక్కలోకి రాదు.

చెమట మరీ ఎక్కువ పట్టేవారికి పాత కాలపు పటికలోనే ఆధునిక వైద్యపు సూత్రం ఉంది. క్షౌరం తరువాత చెంపలకు రాసే పటిక అల్యూమినియం లవణం. చెమటను ఆపే మందుల్లో వాడే అల్యూమినియం క్లోరైడ్ కూడా ఆ కుటుంబంలోదే. ఇది చెమట నాళాల నోటి దగ్గర పేరుకొని వాటిని కొంతకాలం మూసి ఉంచుతుంది. చెమట తక్కువగా ఉండే రాత్రివేళ, పూర్తిగా ఆరిన పాదానికి రాసి ఉదయం కడిగివేయాలి. తడి చర్మం మీద రాస్తే ఆమ్లం పుట్టి మంట పెడుతుంది, పగిలిన మడమలకు రాయనే రాదు. ఏ భయమూ శ్రమా లేకపోయినా పాదాలు నిత్యం తడిగా ఉండటాన్ని హైపర్‌హైడ్రోసిస్ అంటారు. దానికి స్వల్ప విద్యుత్తు ప్రవహించే నీటిలో పాదాలు ఉంచే చికిత్స మొదలుకొని పలు మార్గాలు చర్మవైద్యుల దగ్గర ఉన్నాయి. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా పాచి దురద పెడితే అది శిలీంధ్రపు వ్యాధి కావచ్చు. అరికాలిలో సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు పడి దుర్వాసన వస్తే అది బాక్టీరియా వల్ల వచ్చే వ్యాధి కావచ్చు. రెంటికీ వాడే మందులు వేరు కాబట్టి సొంత వైద్యం పనికిరాదు. ఒకే షూ పదిమంది మార్చుకొని వాడే శిక్షణ శిబిరాల్లో ఈ జాగ్రత్త మరింత అవసరం. అక్కడ ప్రతివారూ తమ మేజోళ్ళతోనే షూ తొడుక్కోవడం మంచిది.

ఇవన్నీ ఉన్నా, అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఖర్చులేని పని: ప్రతి ఎక్కుడుకూ ఎక్కుడుకూ మధ్య షూ విప్పడం. ఒక దారి ఎక్కి దిగిన మనిషి తరువాతి వంతు కోసం అరగంట వేచి ఉంటాడు. ఆ అరగంటా షూ కాలికే ఉంటే పోగయ్యే చెమట ఎక్కుతున్నప్పుడు పట్టిన దానికంటే ఎక్కువే. షూ నాలుకను బయటికి లాగి, దాని నోరు వెడల్పుగా తెరిచి, గాలి వచ్చే వైపు పెట్టాలి, పాదాలను గుడ్డతో, ముఖ్యంగా వేళ్ళ సందుల్లో, తుడిచి నీడలో చాపాలి. సముద్ర మట్టానికి సుమారు 1,265 మీటర్ల ఎత్తున్న హార్సిలీ హిల్స్ మీద, పూర్వం ఏనుగు మల్లమ్మ కొండగా పిలిచిన ఆ చోట, గాలిబండ దగ్గర నిలబడినవారికి కదిలే గాలి తడిని ఎంత త్వరగా లాగేస్తుందో అనుభవంలోకి వస్తుంది.

ఇంటికి వచ్చిన తరువాత షూను సంచిలోనే వదిలేయడం అన్నిటికంటే చెడ్డ అలవాటు, ఎర్రటి ఎండలో ఆరబెట్టడం దాని తరువాతిది. ఎండకూ, ఎండలో ఆగిన కారు లోపలి వేడికీ రబ్బరును అతికిన జిగురు మెత్తబడి అంచులు లేస్తాయి, తోలు బిరుసెక్కి ముడుచుకుంటుంది. పాత దినపత్రికను ఉండలు చుట్టి వేళ్ళ చివరిదాకా కూరి, తడిసిన కాగితాన్ని గంట రెండు గంటలకు మార్చి, తరువాత ఫ్యాను కింద ఉంచాలి. నెలకో రెండు నెలలకో ఒకసారి గోరువెచ్చని నీటిలో కొద్దిపాటి సబ్బుతో, మెత్తని బ్రష్షుతో చేత్తో కడగవచ్చు. వాషింగ్ మెషీన్‌లో వేయరాదు. కడిగిన జత పూర్తిగా ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. కాబట్టి తరచుగా ఎక్కేవారు, స్తోమత ఉంటే, ఒకటి కాలికి ఉన్నప్పుడు మరొకటి ఆరేలా రెండు జతలు ఉంచుకుంటారు; ఒకే జత ఉన్నవారు కడగడాన్ని వానాకాలానికి వదలక, గాలి పొడిగా ఉండే నెలల్లోనే ముగించుకోవడం మేలు.