రీలు తెగింది ఎక్కడ?

హీరోగారి పారితోషికం ఎంతో అడగండి, మన పాఠకుల్లో పదిమందికి తొమ్మిదిమంది ఠక్కున చెప్పేస్తారు. అదే హీరోగారి మొహం అన్నేళ్ళపాటు ఏ ఫిల్ము మీద పడిందో, ఆ ఫిల్ము ఎక్కడ తయారయ్యేదో, ఎందుకు ఆగిపోయిందో అడగండి... తెల్లమొహాలే! పాపం, ముడిఫిల్ముకి అభిమాన సంఘాలు లేవు. కటౌట్లు లేవు. కన్ను మూస్తే నివాళులు కూడా లేవు.

సరే, నివాళి కాకపోయినా కనీసం పోస్టుమార్టం అయినా చేద్దామని బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల పాత ఫోటో స్టూడియోల గడపలు తొక్కాను. చాలావాటికి బోర్డులు మారిపోయాయి. ఒకటి మొబైల్ షాపు, ఒకటి జెరాక్సు సెంటరు, ఇంకోటి టిఫిన్ సెంటరు. ఎట్టకేలకు ఒక సందులో ఒక పెద్దాయన దొరికారు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. పేరు రాయొద్దన్నారు. కుర్రతనంలో మద్రాసులో సినిమా స్టిల్ ఫోటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంటుగా చేసి, ఆనక బెజవాడ వచ్చి స్టూడియో పెట్టి, జిల్లా అంతా తిరిగి పెళ్ళిళ్ళు తీసిన చెయ్యి ఆయనది. డార్క్‌రూం ఇంకా ఉంది. అందులో ఇప్పుడు ఆల్బం అట్టలు పెట్టుకుంటున్నారు. ఎర్ర బల్బు మటుకు తీయలేదు.

"డిజిటల్ కెమేరా వచ్చి ఫిల్ముని మింగేసింది కదా మాస్టారూ?" అన్నాను.

"అందరూ అదే అంటారబ్బాయ్! కెమేరా మింగింది సగమే. మిగతా సగం గాంధీనగరంలో పోయింది."

గాంధీనగరం అంటే బయటి ఊళ్ళవాళ్ళకి చెప్పాలి. బెజవాడలో సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు బారులు తీరిన పేట. గుడివాడకైనా, బందరుకైనా, నూజివీడుకైనా ప్రింటు పెట్టె అక్కణ్ణుంచి బస్సెక్కాల్సిందే. పెట్టె రాలేదంటే హాలు దగ్గర గొడవే! ఆ పెట్టెలకీ, ఫోటో స్టూడియోలో 36 ఫోటోల రోలుకీ ఏమిటి సంబంధం అంటారా? చిన్న లెక్క వేద్దాం.

35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు పరిగెడుతుంది. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు. వంద ప్రింట్లు వేస్తే 13 లక్షల 50 వేల అడుగులు, అంటే 411 కిలోమీటర్లు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కొస పట్టుకుని మద్రాసు రోడ్డు మీద పరుచుకుంటూ పోతే, చెన్నై దరిదాపుల దాకా వెళ్ళిపోతుందన్నమాట! ఇక స్టూడియో రోలు? 36 ఫోటోలకి అయిదడుగుల పైచిలుకు. వంద ప్రింట్ల సినిమా ఒక్కటి రెండున్నర లక్షల రోళ్ళకి సమానం. మాస్టారు జీవితమంతా తీసిన పెళ్ళిళ్ళు కలిపినా అందులో ఏ మూలకి?

ఫిల్ము తయారీ మన ఇడ్లీ వాయి లాంటిది కాదు, ఇవాళ నలుగురొచ్చారు కాబట్టి నాలుగు వేద్దాం అనడానికి. చిమ్మచీకటిలో వెడల్పాటి బేసు మీద జెలటిన్‌లో కలిపిన వెండి లవణాల పూత పలచగా, పొరమీద పొరగా పడాలి. ఆ యంత్రం కదిలిందంటే కిలోమీటర్ల లెక్కన పూత పడాలి, అదంతా అమ్ముడుపోవాలి. రోళ్ళు, ఎక్సరేలు, సినిమా ప్రింట్లు అన్నీ కలిసి ఆ కొలిమిని చల్లారకుండా ఉంచాయి. ప్రింట్లది సింహభాగం.

మన దేశంలో హాళ్ళలో డిజిటల్ ప్రొజెక్షన్ 2005 ప్రాంతంలో ఊపందుకుంది. తర్వాత పదేళ్ళు తిరక్కుండానే పెట్టెలు మాయమయ్యాయి. ఒక్కసారిగా 411 కిలోమీటర్ల రోడ్డు ఖాళీ! జపాన్‌లో ఫ్యూజీవాళ్ళు సినిమా నెగటివ్, ప్రింటు ఫిల్ములు ఆపేస్తున్నట్టు 2012లో ప్రకటించి 2013లో ఆపేశారు. అంతకుముందే, 2005లో ఆగ్ఫా ఫోటో దివాలా తీసింది. మన స్టూడియోలకి బాగా అలవాటైన కొనికా 2006లో ఫోటో వ్యాపారానికే నమస్కారం పెట్టింది. 2012 జనవరిలో మహామహా కోడక్కే కోర్టుమెట్లు ఎక్కి దివాలా రక్షణ కోరుకుంది.

మరి మన సొంత ఫిల్మో? ఉండేది. ఊటీలో 1960లో పెట్టిన హిందూస్తాన్ ఫోటో ఫిల్మ్స్, ప్రభుత్వ సంస్థ. 1967లో ఉత్పత్తి మొదలైంది. సరుకు పేరు 'ఇందు'. వెండికీ వెన్నెలకీ ఉన్న చుట్టరికం చూసి పెట్టారో ఏమోగానీ, ఎంత చక్కటి పేరు! దిగుమతికి లైసెన్సు దొరకని రోజుల్లో బ్లాక్ అండ్ వైట్ స్టూడియోలకి ఇందూయే దిక్కు. 1991 తర్వాత తలుపులు తెరుచుకుని విదేశీ సరుకు వెల్లువెత్తింది. కుర్రకారు కలరు వైపు దూకింది. 1990ల మధ్యకల్లా సంస్థ ఖాయిలా పరిశ్రమల జాబితాకెక్కింది. మిగిలిన సిబ్బందికి 2014లో కేంద్రం స్వచ్ఛంద పదవీ విరమణ పథకం ఇచ్చి తలుపులు మూసే దారి చూసింది.

"ఇందు గొప్పగా ఏం ఉండేది కాదులే. కాకపోతే మన ఎండకి దాన్ని ఎట్లా కడగాలో చేతికి తెలిసిపోయింది. ఇంకో ఫిల్ము వస్తే మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకోవాలి," అన్నారు మాస్టారు. ఫిల్ము ఆగిపోతే ఫోటోగ్రాఫర్‌కి అసలు నష్టం అక్కడుంది. డబ్బా ఒక్కటే పోదు, ఆ డబ్బాతో కాపురం చేసిన చేతివాటం కూడా పోతుంది.

అమెరికాలో కోడాక్రోం విషయంలో జరిగిందీ అదే. 1935లో పుట్టిన ఆ కలరు ఫిల్ముని కనిపెట్టింది మానెస్, గొడౌస్కీ అనే ఇద్దరు సంగీత విద్వాంసులు! దాన్ని కడగడం ఎంత తంటా అంటే, చివరికి ప్రపంచం మొత్తానికి కాన్సాస్‌లోని పార్సన్స్ అనే చిన్న ఊళ్ళో ఒకే ఒక్క ల్యాబు మిగిలింది. 2009లో కోడక్ దాన్ని ఆపేస్తూ, తయారైన ఆఖరి రోలు స్టీవ్ మెక్‌కరీ చేతిలో పెట్టింది. 36 ఫోటోలు! ఆయన ఎక్కడికొచ్చాడనుకున్నారు? మన దేశానికే. అమితాబ్ బచ్చన్, ఆమిర్ ఖాన్, శేఖర్ కపూర్, నందితా దాస్... వీళ్ళంతా ఆ ఆఖరి రోల్లో ఉన్నారు. 2010 డిసెంబరు నెలాఖరుతో ఆ ల్యాబు కూడా కోడాక్రోం తీసుకోవడం మానేసింది.

హాలీవుడ్‌లో నోలన్, టరంటినో వంటి దర్శకులు పట్టుబట్టారు. పెద్ద స్టూడియోలు ఏటా ఇంత ఫిల్ము కొంటామని 2015లో కోడక్‌తో ఒప్పందాలు చేసుకున్నాయి. సినిమా నెగటివ్ నిలబడింది. మన దగ్గర అర్జీలూ లేవు, ఒప్పందాలూ లేవు. కెమేరామెన్ కొత్త కెమేరా నేర్చుకున్నారు, స్టూడియోవాళ్ళు కంప్యూటరు కొన్నారు, అంతే. తప్పు పట్టను. పెళ్ళివారు ముహూర్తానికి ఫోటోలడుగుతారు గానీ ఏ ఫిల్మని అడగరు.

తమాషా ఏమిటంటే, ఇప్పుడు కొందరు కుర్రాళ్ళు మళ్ళీ ఫిల్ము వెతుక్కుంటున్నారు. రోలు ఇంచుమించు వెయ్యి రూపాయలైనా సరే! అంత పెట్టలేనివాళ్ళ కోసం సినిమా నెగటివ్‌నే ముక్కలు కోసి, చిన్న డబ్బాల్లో చుట్టి అమ్మేవాళ్ళు బయల్దేరారు. దాని వెనక నల్లటి పూత ఉండేది, అది వదిలించడం ఓ యజ్ఞంగా ఉండేది. మాస్టారికి ఇది చెబితే పకపకా నవ్వారు. "మేం మద్రాసులో చేసిందదేగా! షూటింగులో మిగిలిన ముక్కలు అడిగి తెచ్చుకుని డార్క్‌రూంలో చుట్టుకునేవాళ్ళం." ఆ మాటకొస్తే 1925లో అమ్మకానికొచ్చిన లైకా కెమేరా తయారైందే సినిమా ఫిల్ము వాడుకోడానికి. ఫోటో ఎప్పుడూ సినిమా నీడనే బతికింది.

కొత్త రోళ్ళ సంగతి అలా ఉంచండి. కడిగిన పాత నెగటివ్‌ల మాటేమిటి? మాస్టారి అటక మీద రేకు డబ్బాల్లో వందల పెళ్ళిళ్ళున్నాయి. ఒక డబ్బా మూత తీస్తే గుప్పున వెనిగర్ వాసన! ఎసిటేట్ బేసుకి వేడి, చెమ్మ పడవు. మన కృష్ణాతీరంలో రెండూ పుష్కలం. వాసన మొదలైందంటే ఫిల్ము ముడుచుకుని పెళుసెక్కడమే తరువాయి.

పైగా దాపున పాతసామాన్లవాడు! కలరు నెగటివ్‌లో వెండి కడుగుడులోనే పోతుంది, రంగులే మిగులుతాయి. బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మే వెండి. అందుకని వాడు అడిగేది సరిగ్గా పాతవే. 1970ల నాటి పెళ్ళిళ్ళు, ఇప్పుడు లేని తాతలు, బామ్మలు... కిలోల లెక్కన!

"రెండుసార్లొచ్చాడు. ఇవ్వలేదు," అన్నారు మాస్టారు. మనవడు సెలవులకి వచ్చినప్పుడల్లా కొన్ని స్కాన్ చేసి పెడుతున్నాడట. అన్నీ ఎప్పటికవుతాయని అడిగితే నవ్వేసి, బల్ల సొరుగులోంచి అట్టలూడిన ఒక పాత రసీదు పుస్తకం తీసి చూపించారు. పేరు, ఊరు, ముహూర్తం తేదీ, డబ్బా నంబరు. ఆ రసీదు పట్టుకుని ఎవరొచ్చినా నెగటివ్‌లు ఊరికే ఇచ్చేస్తున్నారు. పోయిన ఏడాది ముగ్గురొచ్చారట.